ఎర్లిందా పెట్టని సంతకం

పోయిన వారం మనం ఎర్లిందాను లా ప్రెసితా లైబ్రరీలో, నాలుగు వందల పేజీల నివేదిక ముందు నిలబెట్టి వచ్చాం. రియో గ్రాండే ఒడ్డున, వరద పారే పల్లంలో, పద్దెనిమిది అడుగుల ఉక్కు సరిహద్దు కంచె వేస్తే నీరు ఎటు పోతుందో లెక్క కట్టి చెప్పిన నివేదిక అది. ఏటికి అటు మెక్సికోలో ఎల్ సౌస్ ఊరు, ఇటు టెక్సస్‌లో లా ప్రెసితా. ఇరవై తొమ్మిదేళ్లు ఆ ఏటి నీటిమట్టం చూసి రోజూ రాసి పంపిన మనిషి ఎర్లిందా. నివేదిక చివర, ఎవరూ తిప్పి చూడని పేజీల్లో, ఆమెకు ఒక కాగితం కనబడింది. 'ఎంత పెద్ద వరదలోనైనా కంచె సందుల్లో పది శాతానికి మించి చెత్త పట్టదని నా అనుభవం' అని రాసి ఉంది. కింద ఆమె పేరు, ఆమె సంతకం. ఆ తేదీన ఆమె పొట్ట కోయించుకుని ఆసుపత్రి మంచం మీద మత్తులో ఉంది.

ఆమెకు ఒంట్లో బాగోలేనప్పుడల్లా ఏటికి వెళ్లి, కొలబద్ద చూసి, కాగితం మీద ఆమె సంతకం పెట్టి పంపిన మనిషి ఒక్కడే. తమ్ముడు బాల్దో.

శనివారం పొద్దున తొమ్మిదింటికి ఎర్లిందా ట్రక్కు బాల్దో షెడ్డు ముందు ఆగింది. బాల్దో పొలాల నీటి పంపులు బాగుచేస్తాడు. ఒక పంపు పొట్ట విప్పి, అందులో గడ్డకట్టిన బురదను స్క్రూడ్రైవర్‌తో గీకుతున్నాడు. రేడియోలో ఎవరో అకార్డియన్ వాయిస్తున్నారు. ఆమె వస్తూనే రేడియో కట్టేసింది.

"సంతకం బాగా కుదిరిందిరా. నాకంటే నువ్వే బాగా పెట్టావు."

బాల్దో తలెత్తలేదు. "కాఫీ తాగుతావా అక్కా? ఇప్పుడే కాచాను."

"నీ కాఫీ నీ మొహాన పోస్తా. ఆ పంపు కింద పెట్టి ఇటు చూడు."

ఆమె జెరాక్సు కాగితం బల్ల మీద పరిచింది. బాల్దో గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ విడివిడిగా, అవసరానికి మించి తుడుచుకున్నాడు. కాగితం వైపు చూశాడు కాని చేత్తో ముట్టుకోలేదు.

"మాట్లాడవేం? పది శాతమట! ఏ ఏట్లో చూశావురా పది శాతం? మీ స్నానాల గదిలో తూముకే అంతకంటే ఎక్కువ పడుతుంది."

"అరవకు. పక్కింటివాళ్లు వింటారు."

"వినాలి. ఊరంతా వినాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు బడిలో మీటింగు ఉందిగా, అక్కడికి వచ్చి అందరూ వినేలా నువ్వే చెప్పు. మా అక్క పేరు మీద నేను దొంగ సంతకం పెట్టానని చెప్పు."

అప్పుడు బాల్దో తలెత్తాడు. యాభై నాలుగేళ్లవాడు. భార్య మినెర్వా పోయిన తర్వాత అతని ముఖం ఎండిన చెరకు గడలా అయిపోయింది.

"చెప్పి? కంచె ఆగిపోతుందా? అది ఎలాగూ కడతారు. కట్టేదేదో మన వైపు నీళ్లు రాకుండా కట్టనీ."

"మన వైపు రాని నీళ్లు ఎటు పోతాయి?"

"పోనీ."

"ఎటు పోతాయిరా? నోటితో అను."

"ఎల్ సౌస్ మీదికి పోతాయి!" బాల్దో చేతిలోని గుడ్డను నేలకేసి కొట్టాడు. "పోనీ అంటున్నాను కదా! వాళ్లు కట్ట ఎత్తు పెంచుకున్నప్పుడు మనం గుర్తొచ్చామా? ఏ ఒప్పందం అడ్డొచ్చింది వాళ్లకు? రెండు దేశాలూ ఎవరి నీళ్లు వాళ్ల మీదే ఉంచుకోవాలని రాసుకున్నారుగా, ఆ కాగితం ఎక్కడుంది ఆ రోజు? వాళ్ల నీళ్లన్నీ మన మీదికి తోశారు. ట్రక్కు గట్టెక్కిద్దామని మినెర్వా ఇదిగో, ఈ గేటు దాకా వెళ్లింది. ఈ గేటు దాకానే. నేను నాలుగు రోజులు వెతికాను."

మరదలి పేరు వినగానే ఎర్లిందా ఎప్పుడూ ఊరుకునేది. కాని ఈ రోజు ఆ పేరు కూడా ఆమెను ఆపలేకపోయింది.

"ఆ కట్ట మీద ఫిర్యాదు రాసింది ఎవరు?" అంది, గొంతు తగ్గించి. "నేను. ఎన్ని అడుగులు పెంచారో కొలిచి రాశాను. ఎవరెవరు మట్టి పోశారో పేర్లు రాశాను. అందులో చావెలా మొగుడి పేరు ఉంది. ఎల్ సౌస్‌లో ఉన్న మన సొంత చెల్లెలి మొగుడు. అది మూడేళ్లు నాతో మాట్లాడలేదు. అమ్మ పోతే శవం దగ్గర కూడా నా పక్కన నిలబడలేదు. అయినా రాశాను. మినెర్వా కోసం రాశాను, నీ కోసం రాశాను. ఆ కట్ట కోసి పాత ఎత్తుకు తెచ్చేదాకా వదల్లేదు. ఎలా సాధించానో తెలుసా? ఎర్లిందా త్రేవిన్యో రాసిందంటే అటు ఆఫీసులోనూ ఇటు ఆఫీసులోనూ ఎదురు ప్రశ్న ఉండేది కాదు. ఆ పేరు అమ్మేశావురా నువ్వు!"

"నేనేం అమ్మలేదు. నా దగ్గరికి వచ్చి పైసా ఇచ్చారా ఎవరైనా?"

"ఊరికే ఇచ్చావా? అది ఇంకా సిగ్గుచేటు."

"నాకు ఒక్కటే కావాలి. ఈ గేటు దగ్గరికి నీళ్లు మళ్లీ రాకూడదు. అంతే. నువ్వేమన్నా అనుకో."

"చావెలాకు ముగ్గురు మనవలు. వాళ్ల బడి ఎక్కడుందో నీకు తెలుసు. ఎల్ సౌస్‌లో, ఏటి ఒడ్డు నుంచి మూడో కట్టడం. ఇక్కడ నువ్వు పోగొట్టుకున్నది అక్కడ ఇంకొకడు పోగొట్టుకుంటే నీకు హాయిగా ఉంటుందా?"

హాయిగా ఉంటుందేమో అన్నట్టు చూశాడు బాల్దో. ఆ చూపు ఎర్లిందా భరించలేకపోయింది. బల్ల మీదున్న బోల్టుల డబ్బాను ఒక్క తోపు తోసింది. వందల బోల్టులు సిమెంటు నేల మీద చెల్లాచెదురై, కొన్ని దొర్లుతూ షెడ్డు బయటి దాకా పోయాయి.

"ఒంటిగంటకు రా. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను."

"చెప్పవు," అన్నాడు బాల్దో. వంగి బోల్టులు ఏరడం మొదలుపెట్టాడు. "దొంగ సంతకమంటే జైలు. నన్ను చంకనేసుకుని పెంచిన దానివి, నన్ను జైలుకు పంపవు. నాకు తెలుసు."

ఆమె ట్రక్కు ఎక్కి తలుపు ధడేల్మని వేసింది. తమ్ముడు చేసిన పనికంటే, తన గురించి అతనికున్న ఆ నమ్మకమే ఆమెను ఎక్కువ కాల్చింది.

* * *

బడి భోజనశాలలో బల్లలన్నీ గోడకు నెట్టి కుర్చీలు వేశారు. కంచె కట్టే కంపెనీవాళ్లు నాలుగు పెట్టెల డోనట్లు పెట్టారు. ఒంటిగంట కాకముందే మూడు పెట్టెలు ఖాళీ. గోడకు పెద్ద పటం కట్టారు. అందులో ఏరు నీలం రంగు, కంచె ఎర్ర గీత. ఎర్ర గీతకు ఇవతల లా ప్రెసితా ఇళ్లన్నీ చిన్న చిన్న గళ్లుగా గీసి ఉన్నాయి. నీలానికి అవతల ఎల్ సౌస్ ఉండాల్సిన చోట ఉత్త బూడిద రంగు పూసి ఉంది. ఒక్క ఇల్లు లేదు.

ముందు ఉంచిన ఒక్క బల్ల దగ్గర ముగ్గురు కూర్చున్నారు. ఒకాయన కంపెనీ ఇంజనీరు విట్లాక్. పక్కన ప్రభుత్వం తరఫున విచారణ నడిపే అధికారిణి. ఇద్దరికీ స్పానిష్ రాదు. మూడో మనిషి మైకు పట్టుకుని వాళ్ల మాటలు ఊరివాళ్లకు, ఊరివాళ్ల మాటలు వాళ్లకు చెబుతోంది. ఆమె నోయెలియా, ఎర్లిందా ఒక్కగానొక్క కూతురు. రెండేళ్ల కిందట ఆమె ఆ కంపెనీలో ఉద్యోగంలో చేరినప్పటి నుంచి తల్లీకూతుళ్లు ఆదివారం భోజనం దగ్గర ఏటి మాట ఎత్తడం మానేశారు. మిగతా మాటలు కూడా దానంతటవే తగ్గిపోయాయి.

బాల్దో రాలేదు. ఎర్లిందా మూడుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

విట్లాక్ నెమ్మదస్తుడు. అరవడు, ఎవరినీ చులకన చెయ్యడు. లెక్కలన్నీ చెప్పి, చివరికి నవ్వుతూ ఒక మాట అన్నాడు. నోయెలియా దాన్ని చక్కటి స్పానిష్‌లో చెప్పింది:

"మీ అందరికీ మంచి వార్త. పెద్ద వరద వస్తే, కంచె ఉన్నందువల్ల లా ప్రెసితాలో నీళ్లు ఇప్పటికంటే నాలుగంగుళాలు తగ్గుతాయి."

గదిలో ఒక నిట్టూర్పు లేచింది. కొందరు చప్పట్లు కొట్టారు. నిన్నటిదాకా కంచె మాట ఎత్తితే బూతులు తిట్టినవాళ్ల చేతులే అవి.

ఎర్లిందా లేచి నిలబడింది. "తగ్గిన నాలుగంగుళాలు ఎక్కడికి పోయాయి?"

నోయెలియా కళ్లు దించుకుంది. ఇంగ్లీషులో, "నీటి పంపకం గురించి ఇంకొంచెం వివరం అడుగుతున్నారు," అని చెప్పింది.

ఎర్లిందాకు ఇంగ్లీషు మాట్లాడటానికి నోరు తిరగదు గాని, ఇరవై తొమ్మిదేళ్లు అటువాళ్లకూ ఇటువాళ్లకూ కాగితాలు పంపిన మనిషికి అర్థం కాకుండా ఉంటుందా? "వివరం కాదు నేను అడిగింది. ఆవిరైపోయాయా అని అడుగుతున్నాను. ఇటు తగ్గితే అటు పెరగాలి కదా. అటు ఎంత పెరుగుతాయి?"

"రెండంగుళాలు," అని జవాబు వచ్చింది. "ఒప్పందం ప్రకారం మూడు దాకా పరవాలేదు."

పక్క వరుసలోంచి నికానోర్ గొంతు వినబడింది. ఏటి పల్లంలో మేకలు మేపుకునే ముసలాయన. "కొమాద్రే, కూర్చోవమ్మా ఇక. నీళ్లు మన వైపు రావని పెద్ద చదువులు చదివినవాళ్లు చెబుతుంటే ఇంకా గొడవెందుకు?"

"నువ్వా మాట అనేది? మొన్నటిదాకా కంచె వద్దని ఊరంతా తిరిగి జనం చేత సంతకాలు పెట్టించింది నువ్వే కదా! మేకలు ఏటికి ఎలా పోతాయని నా వరండాలో కూర్చుని ఏడ్చావు."

"మేకలకు గేటు పెడతామన్నారు."

కొందరు నవ్వారు. ఎర్లిందా నవ్వలేదు.

"మీ అక్క ఎక్కడుంది, దోన్ నికానోర్?"

"ఎక్కడుంటుంది? ఎల్ సౌస్‌లోనే."

"ఆమెకు పెడతామన్నారా గేటు?"

నవ్వులు ఆగిపోయాయి. నికానోర్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఈ గదిలో ఎల్ సౌస్‌లో బంధువు లేనివాళ్లు ఉంటే చెయ్యెత్తండి," అంది ఎర్లిందా. "ఎత్తండి, చూస్తాను. పెళ్లిళ్లకు వెళ్తారు, పంది మాంసం తామాలెలు పొట్ట పగిలేలా తింటారు, పిల్లలకు జ్వరమొస్తే వంతెన దాటి అక్కడి డాక్టరు దగ్గరికే పరిగెత్తుతారు. ఇప్పుడు వాళ్ల కొంపలు మునిగితే మన గుమ్మాలు పొడిగా ఉంటాయని చెబితే, చప్పట్లు! మీ చేతులు ఇరిగిపోను!"

ఎవరూ చెయ్యెత్తలేదు. నోయెలియా కూడా ఆ మాటలు ఇంగ్లీషులోకి మార్చలేదు.

ఎర్లిందా పటం దగ్గరికి నడిచింది. "ఆ రెండంగుళాలు కూడా నిజం కాదు. చెత్త పదో వంతు పడుతుందనుకుంటేనే రెండు. ఉక్కు కమ్మీల మధ్య సందు నాలుగంగుళాలు. నా అరచెయ్యంత. పోయిన పెద్ద వరదలో మాకు అక్కడ మామూలు పశువుల కంచె ఉండేది. దానికి ఏం పట్టిందో నేను నా కళ్లతో చూసి, టేపు పెట్టి కొలిచాను. రెల్లు దుబ్బులు వేళ్లతో సహా కొట్టుకొచ్చాయి. తుమ్మ మొద్దులు, రెండు ఫ్రిజ్‌లు, చర్చి బెంచీ, ఉబ్బిపోయిన ఆవు. వంద అడుగుల కంచెలో నీళ్లు పోవడానికి మిగిలిన సందంతా కలిపి నలభై అడుగులు లేదు. పది శాతం కాదు, అరవై శాతం మూసుకుపోయింది. ఆ అంకె వేసి మళ్లీ లెక్క కట్టండి. ఎల్ సౌస్‌లో ఎంత పెరుగుతుందో అప్పుడు చెప్పండి. కట్టారా ఆ లెక్క?"

విట్లాక్ కాగితాలు తిప్పాడు. మర్యాదగానే ఒక పేజీ పైకెత్తి చూపించాడు. నోయెలియా ఆ పేజీ వైపు చూడకుండానే చెప్పింది: "కట్టలేదంటున్నారు. ఎందుకంటే... పది శాతమని రాసిచ్చింది మీరే కదా అంటున్నారు."

"అది అబద్ధం."

నోయెలియా ఇంగ్లీషులో, "అందులో పొరపాటు ఉందంటున్నారు," అంది.

"నోయెలియా."

ఆ పిలుపు గోడకు కొట్టిన మేకులా దిగింది. గదిలో ఉన్న ప్రతి తల్లికీ ఆ పిలుపు తెలుసు.

"నేను పొరపాటు అనలేదు. అబద్ధం అన్నాను. ఆ మాటకు ఇంగ్లీషు నీకు రాకపోతే చెప్పు, నేను చెబుతాను." ఆమె అధికారిణి వైపు తిరిగి, నోరు తిరగని భాషలో, ఒక్క ముక్క అంది: "లై."

అధికారిణి కళ్లజోడు సర్దుకుని నిటారుగా కూర్చుంది. ఆమె ప్రశ్నను నోయెలియా ఈసారి ఒక్క అక్షరం మార్చకుండా చెప్పింది. "ఈ సంతకం మీది కాదా?"

"కాదు."

"అయితే ఎవరిది? మీకు తెలిస్తే చెప్పండి. ప్రభుత్వానికి ఇచ్చే కాగితం మీద వేరేవాళ్ల సంతకం పెట్టడం నేరం. మీరు చెప్పే మాట రికార్డులోకి ఎక్కుతుంది."

పొద్దున బాల్దో అన్న మాట ఎర్లిందా చెవిలో తిరుగుతోంది: పంపవు, నాకు తెలుసు. తల్లి పొలాల్లో ఉల్లిపాయలు పీకడానికి పోతే, తనకు ఏడేళ్ల వయసులో ఆ పిల్లవాణ్ణి చంకనెత్తుకుని తిరిగింది ఆమె. వాడు నిజంగానే ఆమెను ఎరిగినవాడు. ఆ ధైర్యంతోనే పెట్టాడు సంతకం. ఇప్పుడు ఎల్ సౌస్‌లో ఒక బడి, ఆ బడిలో ముగ్గురు పిల్లలు, వాళ్ల మెడలోతు నీళ్లు... వాటన్నిటి మీదా తన పేరు.

"నా తమ్ముడిది," అంది. "బాల్దేమార్ త్రేవిన్యో. నా పేరు మీద వాడే పెట్టాడు."

కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరో ఆడమనిషి "దేవుడా" అంది. ఎర్లిందాకు గుండె తేలికపడలేదు. బల్ల అంచు పట్టుకుంది.

"ఆహా, చెప్పేశావన్నమాట."

అందరి తలలూ వెనక్కి తిరిగాయి. వంటింటి తలుపు దగ్గర బాల్దో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. చొక్కా మార్చుకోలేదు. చేతులకు పంపు నూనె అలాగే ఉంది. కుర్చీల మధ్య దారిలో నెమ్మదిగా నడిచి వచ్చి, అక్కకు రెండడుగుల దూరంలో ఆగాడు.

"చెప్పవనుకున్నాను."

"పొద్దున్నే చెప్పానుగా చెబుతానని."

"చెప్పావు. నేనే నమ్మలేదు." అతను అధికారిణి వైపు తిరిగాడు. "అవునమ్మా, పెట్టింది నేనే. అక్క పేరు మీద నూరుసార్లు పెట్టాను, నూట ఒకటోసారి అదీ పెట్టాను. మినెర్వా చచ్చిపోయిన ఏటిని నేను ఎర్లిందాలా ప్రేమించలేను. రాసుకోండి."

"బాల్దో, చాలు," అంది ఎర్లిందా.

"చాలదు. నువ్వు మొదలుపెట్టావు, నన్ను ముగించనీ." కోపంతో అతని మెడ నరాలు లేచాయి. "నాలుగో తరగతితో ఆగినవాణ్ణి నేను. ఇంగ్లీషు చదవడం నాకు రాదని ఈ ఊళ్లో కుక్కకు కూడా తెలుసు. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది. నేను సంతకం పెట్టినప్పుడు అందులో అంకె లేదు. అంకె ఉండాల్సిన చోట చిన్న గీత ఉంది, అంతే. ఖాళీ. పదో, అరవయ్యో, నాకేం తెలుసు? ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపిస్తే అక్కడ పెట్టాను."

"ఎవరు చూపించారు?" ఎర్లిందా అడిగింది. అడుగుతూనే, అడగకుండా ఉండాల్సిందని ఆమెకు అనిపించింది.

"నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు. నీకు నిమ్మరసం నీళ్లు తాగించి నా షెడ్డుకు వచ్చింది. మామయ్యా, అమ్మ ఈ స్థితిలో కలం పట్టలేదు, ఊరికే ఒక ఫారం, నువ్వు పెట్టేయ్ అంది. మిగతాది నేను నింపుకుంటానంది." బాల్దో నూనె మరకల చెయ్యెత్తి బల్ల వైపు చూపించాడు. "నన్ను జైలుకు పంపాలంటే పంపు అక్కా. కాని ఒక్కణ్ణే పంపకు. ఆ పది వేసింది నీ కూతురు."

స్పానిష్ తెలిసిన రెండు వందల ముఖాలు ఒకేసారి నోయెలియా వైపు తిరిగాయి. తెలియనివి రెండే రెండు. విట్లాక్ అయోమయంగా ఊరివాళ్ల వైపు చూసి, పక్కకు వంగాడు.

"ఏమన్నాడాయన?"

అధికారిణి కలం రికార్డు కాగితం మీద పెట్టుకుని సిద్ధంగా ఉంది. నోయెలియా మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది. తల్లి తన వైపే చూస్తోంది.

"ఆయన అంటున్నారు..." అని ఇంగ్లీషులో మొదలుపెట్టి, నోయెలియా ఆగిపోయింది.